గట్టు మీద నడిచే కాళ్లు: చీలమండ, పాదాల కీళ్లనొప్పులు

అందరికీ నమస్కారమండి. ఊడ్పులు మొదలైతే కాలు చూసుకునే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి, ఈ నాలుగు మాటలూ ముందే చెబుతున్నాం.

ఒక్కో పాదంలో 26 ఎముకలు, ముప్పైకి పైగా కీళ్లు ఉంటాయి. వాటిలో ఏది పాడైందో తేలకుండా నొప్పి బిళ్ల మింగడం చీకట్లో రాయి విసరడమే. పైగా నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

చీలమండ మోకాలిలా వయసు మీదపడినంత మాత్రాన అరగదు. చాలామందిలో దాని అరుగుదలకు మూలం పాత దెబ్బ. కొబ్బరిచెట్టు మీంచి జారినప్పుడో, బండి మీంచి పడినప్పుడో విరిగిన ఎముక కాస్త వంకరగా అతుక్కున్నా, పదేపదే బెణికి కీలు పట్టు వదులైనా, ఏళ్లు గడిచాక నొప్పి బయటపడుతుంది. డాక్టరు అడగకపోయినా ఆ దెబ్బ సంగతి చెప్పండి. ఎక్స్‌రే నిలబడే తీయించుకోండి. పడుకుని తీస్తే కీలు సందు ఎంత తగ్గిందో సరిగా తెలియదు.

ఈ కీలు కిందే ఇంకొకటి ఉంది. పైది పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తే, కిందిది పక్కలకు ఒరగనిస్తుంది. తారురోడ్డు మీద ఇబ్బంది లేకుండా నడిచి, చేలగట్టు ఎక్కగానే బాధ మొదలైతే ముందు ఆ కింది కీలునే అనుమానించాలి.

అర్ధరాత్రి బొటనవేలి మొదలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ప్రాణం పోయినట్టుంటే గౌట్ కావచ్చు. రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి, కీలులో సూదుల్లాంటి పలుకులుగా పేరుకోవడం వల్ల వస్తుంది. నొప్పి ఉన్నప్పుడు చేసిన పరీక్షలో మామూలుగా కనిపించవచ్చు, తగ్గిన రెండు మూడు వారాలకు మళ్లీ చేయించాలి. బీరు, సారా మానాలి, మాంసం, రొయ్యలు తగ్గించాలి. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లను చేప పూర్తిగా మానమనడం లేదు, ముక్కలు లెక్కపెట్టుకోమంటున్నాం. యూరిక్ యాసిడ్ తగ్గించే మందు రాస్తే నొప్పి పోయిందని ఆపకండి. రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ అంకె 6 (mg/dL) లోపు నిలవాలి.

రెండు పాదాల్లోనూ వేళ్ల మొదళ్లు వాచి, పొద్దున్న అరగంటకు మించి బిగుసుకుంటే కీళ్లవాతం కావచ్చు. దీనికి డాక్టరు మెథోట్రెక్సేట్ అనే మందు రాస్తే వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ మింగితే ప్రాణాల మీదికి వస్తుంది. ఆ రోజు పేరు డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

ఇక చెప్పులు. సగం బాధ ఇక్కడే ఉంది. అరిగిన హవాయి చెప్పును జారకుండా పట్టుకోవడానికి వేళ్లు అడుగడుగునా ముడుచుకుంటాయి. కొత్తవి కొనేముందు సాయంత్రం, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కాగితం మీద నిలబడి చుట్టూ గీత గీయించుకోండి. చెప్పు ఆ గీతను పూర్తిగా కప్పాలి. రెండు చేతులా పట్టి వంచి చూడండి: వేళ్ల దగ్గర వంగాలి, నడుమ మడతపడకూడదు. మడమ వెనక పట్టీ తప్పనిసరి. బొటనవేలి కీలు బిగిసినవాళ్లకు మాత్రం అసలు వంగని గట్టి అట్ట మేలు. చేతికర్ర నొప్పి లేని వైపు పట్టుకోండి.

కుర్చీలో కూర్చుని, బొటనవేలితో గాలిలో అ నుంచి అః దాకా రాయండి, రోజుకు రెండుసార్లు. తర్వాత గోడకు చేతులానించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు అదిమి పిక్కను 30 సెకన్లు సాగదీయండి, కాలికి మూడేసిసార్లు. ఎర్రగా వాచిన రోజున ఇవేవీ వద్దు. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట చాలు. అరుగుదల వల్ల పొద్దున్నే బిగుసుకుంటే గోరువెచ్చని నీళ్లు హాయినిస్తాయి. షుగరు వల్ల అరికాలు మొద్దుబారినవాళ్లు ఐసూ పెట్టకూడదు, వేడినీళ్లలోనూ కాలు ముంచకూడదు. కాలినా తెలియదు.

షుగరున్నవాళ్లకు ఇంకో మాట. ఈ ప్రాంతంలో బోదకాలు పాత శత్రువు కావడంతో కాలు వాస్తే దాని ఖాతాలో వేసేస్తారు. కానీ షుగరున్నవాళ్లకు ఒక పాదం రెండోదానికంటే వేడిగా, ఎర్రగా వాచి, నొప్పి పెద్దగా లేకపోతే లోపల ఎముకలు విరిగి కుంగుతూ ఉండవచ్చు. నొప్పి లేదు కదా అని ఒక్క రోజు కూడా దాని మీద నడవొద్దు. ఆ కాలు నేలకు ఆనించకుండా, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.