తమ్మిలేరుకీ ఎర్రకాలువకీ మధ్య: గుంటుపల్లి కొండను మ్యాప్‌లో చదవడం ఎలా?

నమస్కారం అండీ. ముందు మీ కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో తెరవండి. ఫోన్‌లో చూస్తున్నవాళ్ళు గూగుల్ మ్యాప్స్ తెరిచి, లేయర్స్‌లోకి వెళ్ళి టెర్రెయిన్ పెట్టుకోండి. సెర్చ్‌లో ‘గుంటుపల్లి బౌద్ధ గుహలు’ అని టైప్ చేయండి. ఏలూరు జిల్లా కామవరపుకోట మండలంలో, జీలకర్రగూడెం పక్కన పాయింట్ పడాలి. వట్టి ‘గుంటుపల్లి’ అని కొడితే విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం దగ్గరున్న ఊరు రావచ్చు. అది కృష్ణ ఒడ్డున ఉన్న వేరే ఊరు. మనకి కావాల్సింది ఏలూరుకి ఉత్తరాన, 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండ.

దొరికిందా? ఇప్పుడే గుహల ఫోటోలు నొక్కకండి. ముందు నీళ్ళు చూద్దాం. ఈ కొండ మీద 2 వేల ఏళ్ళ క్రితం మనుషులు ఎందుకు స్థిరపడ్డారో చెప్పేది ఆ నీళ్ళే అని నేను నమ్ముతాను.

కొంచెం జూమ్ అవుట్ చేయండి. పడమర వైపు చింతలపూడి కనిపిస్తుంది. దాని పక్కనుంచి దక్షిణంగా దిగే గీత తమ్మిలేరు. ఆ గీత మీద వేలు పెట్టి కిందికి రండి. ఏలూరు దాటి కొల్లేరులో కలుస్తుంది. కొల్లేరు నీళ్ళు ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోతాయి. ఇప్పుడు తూర్పుకి రండి. జంగారెడ్డిగూడెం దగ్గర ఎర్రకాలువ. ఇదీ దక్షిణానికే దిగుతుంది కానీ కొల్లేరులోకి రాదు. నందమూరు దాటాక యనమదుర్రు డ్రెయిన్‌లో కలిసి భీమవరం మీదుగా సముద్రానికి వెళ్తుంది. వానాకాలంలో నందమూరు చుట్టుపక్కల వరి రైతులకి ఎర్రకాలువ పేరు వింటేనే టెన్షన్.

ఒక్క క్షణం ఆగి గమనించండి. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క గోదావరి. ఇంత పెద్ద నదుల మధ్య ఉండి కూడా ఈ రెండు ఏర్లూ ఆ రెంటిలోనూ కలవవు. కృష్ణా, గోదావరి డెల్టాలు రెండూ సముద్రంలోకి పెరుగుతూ పోతే మధ్యలో పల్లంగా మిగిలిన చోటు కొల్లేరు. ఆ పల్లానికి ఎగువన, రెండు ఏర్ల మధ్య మెట్ట మీద ఉంది మన కొండ.

దీన్ని మీరే కొలిచి చూసుకోవచ్చు. గూగుల్ ఎర్త్ ప్రోలో పైనున్న టూల్‌బార్‌లో ‘యాడ్ పాత్’ నొక్కండి. మొదటి క్లిక్ చింతలపూడి దగ్గర తమ్మిలేరు మీద, రెండోది గుంటుపల్లి కొండ మీద, మూడోది జంగారెడ్డిగూడెం దగ్గర ఎర్రకాలువ మీద. సేవ్ చేసి, ఆ గీత మీద రైట్ క్లిక్ చేసి ‘షో ఎలివేషన్ ప్రొఫైల్’ ఎంచుకోండి. కింద నేల ఎత్తుపల్లాలు చూపే గ్రాఫ్ వస్తుంది. మధ్యలో చిన్న చిన్న వాగుల దగ్గర గ్రాఫ్ కిందికి దిగితే కంగారు పడొద్దు. రెండు చివర్లనీ, మధ్యలో కొండనీ పోల్చి చూడండి చాలు.

ఇక రాయి సంగతి. ఇది ఇసుకరాయి. మహారాష్ట్ర నుంచి గోదావరి లోయ వెంట ఇక్కడిదాకా వచ్చిన గోండ్వానా పొరల్లో, అంటే కోట్ల ఏళ్ళనాటి రాతి పొరల్లో భాగం. సింగరేణి బొగ్గు దొరికేది కూడా ఈ గోండ్వానా పొరల్లోనే. గ్రానైట్‌తో పోలిస్తే ఇసుకరాయి ఉలికి త్వరగా లొంగుతుంది. అందుకే ఇక్కడ గదులకి గదులే కొండలో తొలిచారు.

ఇప్పుడు బాగా జూమ్ చేయండి. కొండ గుర్రపు లాడంలా వంగి, మధ్యలో చిన్న లోయని పట్టుకున్నట్టు ఉంటుంది. ఆ వంపులోనే విహారాలు, అంటే భిక్షువులు ఉండే గదులు ఉన్నాయి. బౌద్ధ భిక్షువులు వానాకాలం నెలల్లో తిరగకుండా ఒకేచోట ఉండాలి, దాన్ని వర్షావాసం అంటారు. భిక్ష కోసం ఊళ్ళు నడిచి వెళ్ళేంత దగ్గరలో ఉండాలి, వరద మాత్రం గది గుమ్మందాకా రాకూడదు. మీరు ఇందాక గీసిన గ్రాఫ్ మళ్ళీ చూడండి. ఈ మెట్ట వాళ్ళకి ఎందుకు నచ్చిందో తెలుస్తుంది.

ఇక్కడ నేను ఎక్కువసేపు నిలబడే చోటు గుండ్రటి చైత్య గుహ, అంటే స్తూపాన్ని పూజించే గుహ. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నాటిది. లోపల గది గుండ్రంగా ఉంటుంది, నడుమ రాతి స్తూపం, చుట్టూ ప్రదక్షిణకి దారి. తల ఎత్తి కప్పు చూడండి. గొడుగు ఊచల్లా వంగిన వాసాలు కనిపిస్తాయి. అవి కర్రవి కావు, అదే రాతిలో చెక్కినవి. రాయి కప్పుకి వాసాలతో పనే లేదు. అయినా చెక్కారంటే, అంతకుముందు కర్రతో గుండ్రటి ఇళ్ళు కట్టిన చేతుల అలవాటు అది. గుమ్మం పైన ఉన్న కమాను కూడా అంతే. బీహార్‌లో బరాబర్ కొండల మీద మౌర్యుల కాలపు లోమశ ఋషి గుహ ఉంది. దాని ముఖద్వారం పక్కన పెట్టి చూస్తే పోలిక మీకే తెలుస్తుంది. ఆ స్తూపాన్ని ఊరివాళ్ళు ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తున్నారు. లోపలికి వెళ్ళేటప్పుడు చెప్పులు బయట విడవండి.

బయట ఇటుకలతో కట్టిన చైత్యం పునాదులు, వరసగా చిన్న చిన్న మొక్కుబడి స్తూపాలు చాలా ఉన్నాయి. వాటి మీద ఎక్కి ఫోటోలు దిగకండి, దయచేసి.

మండపం స్తంభాల దగ్గర మాత్రం తప్పకుండా ఆగండి. ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో శాసనం ఉంది. మహామేఘవాహన వంశానికి చెందిన సిరి సద మహారాజు దగ్గర పనిచేసే చులగోమ అనే లేఖకుడు ఆ మండపాన్ని దానంగా ఇచ్చాడని అందులో ఉంది. రాజుకున్న బిరుదులు కళింగాధిపతి, మహిషకాధిపతి. భువనేశ్వర్ దగ్గర హాథీగుంఫా శాసనం వేయించిన ఖారవేలుడిదీ ఈ వంశమే. అంటే కళింగ రాజుల మాట ఇక్కడిదాకా చెల్లిందన్నమాట. నన్ను కదిలించేది రాజు పేరు కాదు, ఆ గుమాస్తా పేరు. రాయడం వృత్తిగా బతికిన మనిషి తన పేరు రాతిలో మిగుల్చుకున్నాడు.

మ్యాప్‌లో ఇంకొక్క పాయింట్ పెట్టండి: పెదవేగి. ఈ కొండకి దక్షిణంగా, ఏలూరుకి 12 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అదే శాలంకాయనులు అనే పాత రాజవంశం ఏలిన వేంగి, తర్వాత తూర్పు చాళుక్యుల రాజధాని. కళింగ నుంచి కృష్ణా లోయకి వెళ్ళాలంటే కొల్లేరు బురదలో దిగడం కన్నా మెట్ట అంచు పట్టుకుని నడవడమే తేలిక. వేంగినీ గుంటుపల్లినీ కలిపి చూస్తే నాకు ఆ దారే కనిపిస్తుంది.

వెళ్ళాలనుకుంటే ఉదయాన్నే బయల్దేరండి. కామవరపుకోట దాకా రోడ్డు ఉంది, అక్కడినుంచి జీలకర్రగూడెం దగ్గరే. మెట్లెక్కాలి కాబట్టి మంచినీళ్ళు పట్టుకెళ్ళండి. పెద్ద స్తూపం ఉన్న పైభాగానికి చేరాక ఫోన్‌లో దిక్సూచి తెరిచి, తమ్మిలేరు ఏ వైపో ఎర్రకాలువ ఏ వైపో గుర్తుపట్టి, ఆ తర్వాతే గుహల్లోకి దిగండి.