గెలిచేవాళ్ళకే వెయ్యాలా?

అందరికీ నమస్కారం. 2023 నవంబర్ 30, మన తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల పోలింగ్ రోజు. మా వీధి చివర సర్కారు బడిలో క్యూలో నిలబడి ఉన్నాను. నా వెనక ఒక పెద్దమ్మ, ఓటరు స్లిప్పు నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుని, "గెలిచేటోళ్ళెవరు బిడ్డా? వాళ్ళకే ఏస్తా, నా ఓటు మురిగిపోవద్దు" అంది. క్యూలో నిలబడి ఒకరికి ఫలానావాళ్ళకి వెయ్యమని చెప్పకూడదు కదా, "నీ మనసుకు ఎవరు తోస్తే వాళ్ళకెయ్యి పెద్దమ్మా" అని ఊరుకున్నాను. కానీ ఆ మాట మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు, ఎందుకంటే మా అపార్ట్‌మెంట్‌లో బాగా చదువుకున్నవాళ్ళు కూడా అదే అంటారు: మనిషి మంచోడే, కానీ గెలవడుగా!

2009లో కూకట్‌పల్లిలో కూడా ఇదే మాట. లోక్‌సత్తా తరఫున జయప్రకాశ్ నారాయణ గారు నిలబడితే, మంచి మనిషే గానీ ఆయనకు వేస్తే ఓట్లు చీలతాయి, ఇంకెవరో లాభపడతారు అని టీ కొట్ల దగ్గర ఎంత వాదించుకున్నారో. ఆయన గెలిచారు. అయితే ఆ ఎన్నికల్లో 294 సీట్లున్న ఉమ్మడి రాష్ట్రం మొత్తమ్మీద ఆ పార్టీకి వచ్చింది ఆ ఒక్కటే, కాబట్టి మిగతాచోట్ల "గెలవడు" అన్నవాళ్ళ అంచనా నిజమైంది. నేను ఆ రెండోది దాచను. నచ్చినవాళ్ళకి వేస్తే చాలు, అన్నీ అవే కుదురుకుంటాయని చెప్తే అది అబద్ధమే అవుతుంది.

అసలు "గెలిచేవాళ్ళకి వేస్తా" అనే మాటలో రెండు వేరే వేరే ఆలోచనలున్నాయి. ఫలానావాడు వస్తే మా బస్తీకి నష్టం, వాణ్ణి ఆపగలిగేది ఇంకొకడే, కాబట్టి అంతగా నచ్చకపోయినా వాడికే వేస్తా అనడం ఒకటి. దాన్ని నేను గౌరవిస్తాను. 2023లో మన యాకుత్‌పురాలో తేడా 878 ఓట్లు. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో అయితే తొమ్మిదంటే తొమ్మిది ఓట్లు! అలాంటి చోట లెక్క వేసుకోకుండా ఎలా వేస్తాం? రెండోది, గాలి ఎటుంటే అటు పోయి, గెలిచినవాళ్ళ పక్షాన ఉన్నామనిపించుకోవడం. ముప్పై వేల మెజారిటీతో ఎలాగూ గెలిచే మనిషికి నా ఒక్క ఓటు వల్ల ఏం ఒరుగుతుంది? నన్నడిగితే మురిగిపోయే ఓటు అదే.

ఓడిపోయే ఓటు కూడా పనిచేస్తుందనడానికి నిజామాబాద్ పసుపు రైతులే సాక్ష్యం. 2019 లోక్‌సభ ఎన్నికల్లో అక్కడ 185 మంది పోటీ చేశారు, వాళ్ళలో 170 మందికి పైగా రైతులే. లోక్‌సభకి డిపాజిట్ మామూలుగా 25 వేలు, చెల్లిన ఓట్లలో ఆరో వంతు కంటే ఎక్కువ రాకపోతే అది తిరిగి రాదు. పసుపు ధర పడిపోయి అప్పుల్లో ఉన్న రైతుకి అదేమన్నా చిన్న మొత్తమా? ఎవరూ గెలవమని తెలుసు, అయినా కట్టారు. ఒక్కో బూత్‌లో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. తాము ఎప్పట్నుంచో అడుగుతున్న పసుపు బోర్డు సంగతేంటని దేశమంతా అడిగేలా చేశారు, అప్పటి సిట్టింగ్ ఎంపీ ఓడిపోయారు. 2023 అక్టోబర్‌లో కేంద్రం బోర్డు ఏర్పాటు చేస్తున్నట్టు ప్రకటించింది, 2025 జనవరిలో అది మొదలైంది. కేవలం ఆ ఓట్ల వల్లే వచ్చిందనను, కానీ ఆ తర్వాత అక్కడ ఓట్లడిగిన ఏ పార్టీ కూడా పసుపు మాట ఎత్తకుండా ఉండలేకపోయింది. అంతకు ముందు, 1996లో నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్ళ గోడు వినిపించడానికి జనం ఇలాగే నామినేషన్లు వేస్తే అభ్యర్థులు 480 మంది అయ్యారు, బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది.

నోటా సంగతి కూడా అడుగుతుంటారు. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది, మంచిదే. కానీ అసెంబ్లీకి గానీ లోక్‌సభకి గానీ నోటాకే అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా, తర్వాత ఉన్న అభ్యర్థే గెలిచినట్టు లెక్క. వద్దు అని చెప్పగలం గానీ ఏం కావాలో దాంతో చెప్పలేం, అందుకే నాకు మనసొప్పదు.

మరి మనం ఉండేచోట లెక్క వేసుకోవాలా, మనసు మాట వినాలా? వాట్సాప్‌లో వచ్చే సర్వేలను వదిలేయండి. ఎన్నికల ప్రధానాధికారి వెబ్‌సైట్‌లో ఫారం 20 అని ఉంటుంది, పోయినసారి ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది. పోటీ నువ్వా నేనా అన్నట్టుంటే లెక్క వేసుకోండి, పెద్ద తేడా ఉంటే మీకు నిజంగా నచ్చిన మనిషికి వేసేయండి.

నేనూ మా బూత్‌ది తీసి చూశాను. ఆ రోజు మీట నొక్కాక, పక్కన చిన్న అద్దం వెనక ఏడు సెకన్లు కనబడిన చీటీ మీద ఉన్న పేరుకి మా బూత్‌లో మొత్తం పదకొండు ఓట్లు వచ్చాయి. ఒకటి నాది. మిగతా పది మంది ఈ వీధుల్లోనే ఉన్నారు, ఎవరో తెలీదు. అప్పటి నుంచి పాల బూత్ దగ్గర ఎవరు కనబడినా, వీళ్ళేనేమో అనిపిస్తుంది.