చెరువుకి తిండి ఎక్కువైతే

అందరికీ నమస్కారం. రైతులు, చేపల సొసైటీ సభ్యులు, కాలేజీ పిల్లలు ఒకే హాల్లో కూర్చోవడం అరుదు. చెరువుల్లో గుర్రపుడెక్క, నాచు పెరిగిపోవడం, చేపలు చావడం ముగ్గురికీ సంబంధించిన విషయమే కాబట్టి నేరుగా మొదలుపెడతాను.

విజయనగరం వాళ్లకి పెద్ద చెరువు గురించి చెప్పక్కర్లేదు. పైడితల్లి అమ్మవారి తెప్పోత్సవం జరిగేది ఆ నీళ్లలోనే. ఊరి మధ్య చెరువు ఏదైనా గుర్రపుడెక్కతో నిండిపోతే మనకి తెలిసిన మందు ఒకటే, జేసీబీ తెప్పించి లాగించేయడం. కొన్నాళ్లకే మళ్లీ కమ్మేస్తుంది. ఎండా నీళ్లూ అనుకూలిస్తే ఆ మొక్క రెండు వారాల్లో రెట్టింపవుతుంది మరి. మనం పైది తీస్తున్నాం, కిందనుంచి దానికి తిండి అందుతూనే ఉంది.

ఆ తిండి రైతులకి కొత్తదేం కాదు. నత్రజని, భాస్వరం. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. డీఏపీ ఎరువు బస్తా మీద 18, 46 అని రాసుంటుంది కదా, మొదటిది నత్రజని, రెండోది భాస్వరం లెక్క. మడిలో వరి ఎలా ఎదుగుతుందో చెరువులో నాచూ అలాగే ఎదుగుతుంది. యూరియా నీళ్లలో ఇట్టే కరిగి నీటితోనే పోతుంది. భాస్వరం మట్టిని అంటిపెట్టుకుని బురదనీటితో కొట్టుకొస్తుంది. ఎరువు చల్లిన మర్నాడే బంగాళాఖాతంలో అల్పపీడనం పడిందా, డబ్బులు పోసి కొన్నదంతా గట్టు దాటిపోతుంది. అలాగని రైతునొక్కణ్ణే బోనులో నిలబెట్టడం నాకిష్టం లేదు. పట్నంలో మరుగుదొడ్ల నీరు, బట్టల సబ్బు నీరు ఏ కాలువలో కలుస్తున్నాయో మనందరికీ తెలుసు.

ఇక చేపలు ఎందుకు చస్తాయి? విషం కలిపారని ఊళ్లో గొడవలవుతాయి. చాలాసార్లు జరిగేది వేరు. పగలు ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదే నాచు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. చచ్చి అడుక్కి చేరిన నాచుని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మిగిలింది లాగేస్తాయి. రెండు రోజులు మబ్బు పట్టి గాలి కూడా ఆడకపోతే తెల్లారుజామున చేపలు మూతులు పైకి పెట్టి గుటకలు వేస్తాయి. బొచ్చె, శీలావతి పోతాయి. కొర్రమీను మాత్రం పైకొచ్చి గాలి పీల్చుకుని బతికేస్తుంది. చచ్చిన వాటిలో కొర్రమీను కనబడకపోతే పోలీసు కంప్లయింట్ కంటే ముందు ఆక్సిజన్ గురించి ఆలోచించండి.

కెనడాలో 1973లో శాస్త్రవేత్తలు ఒక సరస్సుని మధ్యలో పరదా కట్టి రెండుగా విడదీశారు. ఒక పక్క కర్బనం, నత్రజని వేశారు. రెండో పక్క ఆ రెంటితో పాటు భాస్వరం కూడా. భాస్వరం పడిన పక్కే పచ్చబడిపోయింది. విమానం నుంచి తీసిన ఆ ఫోటో ఒక్కటే ఎన్నో వాదనల నోరు మూయించింది. మంచినీటి చెరువులో ముందు పట్టుకోవాల్సింది భాస్వరాన్ని. నత్రజనిని వదిలేయమని కాదు. నాగావళి, వంశధార చివరికి సముద్రంలోనే కలుస్తాయి, అక్కడ ఎక్కువగా నాచుని రెచ్చగొట్టేది నత్రజనే.

ఒక చిక్కుంది. బురద అంటే భాస్వరానికి ఫిక్సుడు డిపాజిట్. మురుగు ఆపేసినా, అడుగున ఆక్సిజన్ లేనప్పుడు బురద దాన్ని మళ్లీ నీళ్లలోకి వదులుతుంది. అందుకే ఫలితం ఏళ్లు పట్టొచ్చు. అయినా కుదిరింది. అమెరికాలోని సియాటిల్ పక్కనున్న వాషింగ్టన్ సరస్సులోకి పోయే మురుగుని 1963 నుంచి 1968 వరకు దశలవారీగా మళ్లించారు. 1970ల మధ్యకి నీళ్లు తేటపడ్డాయి.

గుర్రపుడెక్క తీయండి, వద్దనను. అది తాగిన భాస్వరం దానితోపాటే బయటికొస్తుంది. కానీ గట్టు మీద పోసి వదిలేస్తే మొదటి వానకే ఆ సారం మళ్లీ చెరువులోకే. దూరంగా తీసుకెళ్లి కంపోస్టు చేయండి. కలుపుమందు కొట్టి చెరువులోనే చంపడం మాత్రం పిచ్చి పని, అది కుళ్లుతూ నీళ్లలో మిగిలున్న ఆక్సిజన్ కూడా తినేస్తుంది. రైతులు వాన సూచన చూసుకుని ఎరువు చల్లండి. మడి నీరు వెంటనే వదలకండి. పట్నం చెరువులకైతే మురుగు శుద్ధి తప్ప దారి లేదు, అది మున్సిపాలిటీని గట్టిగా అడగాల్సిన పని.

కాలేజీ పిల్లలకి ఒక మాట. నీళ్లలో ఆక్సిజన్ కొలవడానికి మధ్యాహ్నం రెండింటికి వెళ్లకండి, అప్పుడు చెరువు బ్రహ్మాండంగా కనిపిస్తుంది. తెల్లారకముందు వెళ్లండి. ప్రశ్నలుంటే అడగండి, ముందు సొసైటీ వాళ్లవి తీసుకుంటాను.