తెర తీశాక కూడా ఫోకస్ తెర మీదే ఉందా? ఈ కెమెరాతో నా పదిహేను రోజులు

నమస్కారమండీ. రావులపాలెం నుంచి మాట్లాడుతున్నాను. ముందే చెప్పేస్తానండి, ఈ కెమెరా నాది కాదు. నేను ఎప్పుడూ సామాను కొనే రాజమండ్రి షాపాయన వాడి చూడమని పదిహేను రోజులకి ఇచ్చారు. డబ్బులు ఇవ్వలేదు, నేను అడగలేదు. రేపు తిరిగి ఇచ్చేస్తున్నాను. మోడల్ పేరు స్క్రీన్ మీద ఉంది. ఎన్ని మెగాపిక్సెళ్లు, సెకనుకి ఎన్ని ఫ్రేములు, అవన్నీ మీరు ఈపాటికి చూసే ఉంటారు. నేను వాటి జోలికి వెళ్లను. పెళ్లిళ్లు తీసేవాడిని, నాకు కావాల్సింది ఆటోఫోకస్ ఒక్కటే.

ఆరేళ్ల కిందట ముమ్మిడివరం దగ్గర ఒక పెళ్లి తీశాను. జీలకర్ర బెల్లం టైము. పెళ్లికొడుకు భుజం మీదుగా పెళ్లికూతురి ముఖం కోసం చూస్తున్నాను, మధ్యలో అడ్డుతెర. తెల్ల గుడ్డ మీద ఎర్రగా స్వస్తిక్ గుర్తు. కెమెరా ఆ గుర్తుని పట్టుకుంది. తెర దించేశారు, ఆ అమ్మాయి కళ్లెత్తి చూసింది, నేను వరసగా నొక్కేశాను. ఇంటికొచ్చి చూస్తే తొమ్మిది ఫోటోలూ మసకే. తెర ఉన్న చోటే ఫోకస్ ఆగిపోయింది. ఆల్బమ్ ఇచ్చిన రోజు ఆ పిల్ల వాళ్ల నాన్నగారు అడిగారండి, "బాబూ, తెర తీసినప్పటి ఫోటో ఏది?" అని. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే.

సరిగ్గా పావుగంట తర్వాత తలంబ్రాలు. అక్కడ కష్టం దీనికి పూర్తిగా ఉల్టా. ముఖం మీద ఫోకస్ చక్కగా ఉంటుంది, పసుపు బియ్యం ఎగరగానే కెమెరా ఆ గింజల వెంట పడుతుంది. ఇప్పుడు థర్మోకోల్ గుళ్లు కూడా పోస్తున్నారు కదా, అవి ఇంకా పెద్దవి. తెర దగ్గరేమో పట్టు వెంటనే వదలాలి, తలంబ్రాల దగ్గరేమో అస్సలు వదలకూడదు. ఒకే పెళ్లిలో, పావుగంట తేడాలో.

దీనికి కెమెరాల్లో ఒక సెట్టింగ్ ఉంది, ట్రాకింగ్ సెన్సిటివిటీ. ముందుకి ఏదైనా అడ్డం వస్తే ఎంతసేపు ఓర్చుకోవాలో చెప్పే సెట్టింగ్ అది. కంటిన్యువస్ ఫోకస్‌లో ఉన్నప్పుడే, అంటే కదిలేవాళ్ల వెంట ఫోకస్ కూడా తిరుగుతూ ఉండే మోడ్‌లోనే, పనిచేస్తుంది. ఇక్కడ చాలామంది బోల్తా పడతారండి, జాగ్రత్తగా వినండి. సోనీలో 1 పెడితే పట్టు వదలదు, 5 పెడితే కొత్తదాని మీదకి చటుక్కున వెళ్తుంది. నికాన్‌లో దానికి తిరగేసి, 5 పెడితేనే ఆలస్యంగా వదులుతుంది. కెనాన్‌లో మైనస్ వైపు పట్టు, ప్లస్ వైపు చురుకు. మీ ఫ్రెండు చెప్పిన అంకెని మీ కెమెరాలో పెట్టేశారో, తలంబ్రాలు మొత్తం పోతాయి.

ఇక ఈ కెమెరా. ఇందులో ఆ సెట్టింగ్ ఉంది. బాగా పనిచేస్తుంది కూడా, ఆ మాట చెప్పకపోతే తప్పు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి తీసుకెళ్లాను. ఏకాదశ రుద్రుల ప్రభలు, భుజాల మీద మోసుకొస్తారు, వాటిలో కొన్ని కౌశిక నదిలో దిగి దాటతాయి కదా, ఆ నీళ్లు ఎగిరేటప్పుడు మోసేవాళ్ల ముఖాల మీద ఫోకస్ నిలబడింది. జనం తలలు అడ్డొచ్చాయి, చేతులు అడ్డొచ్చాయి, అయినా వదల్లేదు. నా పాత కెమెరాతో ఆ ఫోటోలు నాలుగింట ఒకటి దక్కేది. ఆ రోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

మరి కోపమెందుకంటారా? ఆ సెట్టింగ్ మెనూలో నాలుగో పేజీ లోపల ఉంది. బటన్‌కి పెట్టుకోనివ్వదు. కస్టమ్ మోడ్‌లో సేవ్ చేద్దామంటే, మిగతావన్నీ సేవ్ అవుతాయి, ఇది మాత్రం అవ్వదు. పంతులుగారు మంత్రం చదువుతుంటే నేను మెనూలో వెతుక్కోవాలా? పక్షుల్ని గుర్తుపడుతుంది, రైళ్లని గుర్తుపడుతుంది, విమానాల్ని గుర్తుపడుతుంది. వాటికోసం అంత బుర్ర పెట్టినవాళ్లు ఒక్క బటన్ ఇవ్వలేకపోయారు. బొటనవేలికి అందేచోట ఫోకస్ బటన్ కూడా లేదు. వేరే బటన్‌ని మార్చుకోవచ్చు, కానీ అది పైన మూలకి ఉంది. నా వేలు అక్కడికి చేరేసరికి తెర కింద పడిపోతుంది.

ఆ బటన్ ఎందుకంత ముఖ్యమంటే, ఫోకస్‌ని షట్టర్ బటన్ నుంచి తీసేసి వెనక బటన్‌కి ఇస్తే సగం గొడవ పోతుంది. తెర పట్టకముందే పెళ్లికూతురి ముఖం మీద ఫోకస్ చేసి వేలు తీసేయండి. ఇక ఫోకస్ కదలదు. తెర ఉన్నా లేకపోయినా దూరం అదే. మీరూ కదలకూడదు, ఆ అమ్మాయి కూడా పీటల మీదే ఉంటుంది కాబట్టి సరిపోతుంది. అపర్చర్, అంటే లెన్స్ తెరుచుకునే రంధ్రం, 4 దగ్గర పెట్టుకుంటే కాస్త ముందుకి వంగినా ఇబ్బంది లేదు. ముమ్మిడివరం తర్వాత నేను అలాగే తీస్తున్నాను.

ఫోకస్ పాడైపోయిందని సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తేముందు ఇంకొన్ని చూసుకోండి. లెన్స్ మీద స్విచ్ మాన్యువల్‌లో ఉందేమో. తాళిబొట్టు క్లోజప్ కోసం మరీ దగ్గరకి వెళ్లారేమో. ఆ చవక 50 ఎంఎం లెన్సుల్లో కొన్ని 35 సెంటీమీటర్ల కంటే దగ్గర పట్టవు, కొన్ని 45. కెమెరా ఆపేసి, లెన్స్ తీసి, దాని వెనకున్న ఆ బంగారు రంగు చుక్కల్ని పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి.

మధుపర్కాల దగ్గర ఫోకస్ ఎప్పుడూ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుందంటారు. తెల్లటి బట్ట మీద పట్టుకోవడానికి కెమెరాకి ఏమీ ఉండదండి, పాయింట్‌ని ఎర్ర అంచు మీద పెట్టండి. అంచు అడ్డంగా ఉంటే కూడా, లోపల అద్దం లేని కొన్ని మిర్రర్‌లెస్ కెమెరాలు తడబడతాయి, వాటి సెన్సార్ నిలువు గీతల్నే బాగా చూస్తుంది. కెమెరాని నిలువుకి తిప్పి చూడండి, టక్కున పడుతుంది.

మన కోనసీమ వాళ్లకి ఇంకోటి. ఏసీ గదిలోంచి తెల్లవారుజామున కాలవగట్టు మీదకి వచ్చారనుకోండి, లెన్స్ మీద ఆవిరి పడుతుంది, ఫోకస్ ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటుంది. తుడవకండి, మళ్లీ పడుతుంది. బయటికొచ్చే ముందు బ్యాగ్ జిప్ వేసేసి, బయటికొచ్చాక అరగంట అలాగే వదిలేయండి. ఆక్వా చెరువుల మీదుగా మిట్టమధ్యాహ్నం పెద్ద జూమ్‌తో పక్షుల్ని తీస్తే మెత్తగా వస్తాయి, అది ఫోకస్ తప్పు కాదు, వేడికి గాలి వణుకుతుంది. కొల్లేరు ఆటపాకలో పెలికాన్‌ల కోసం పొద్దున్నే వెళ్లమనేది అందుకే.

లోపల అద్దం ఉండే పాత డీఎస్‌ఎల్‌ఆర్ వాడేవాళ్లు మాత్రం ఒక పరీక్ష చేసుకోవాలి. పేపర్‌ని ఏటవాలుగా పెట్టి, ట్రైపాడ్ మీద నుంచి ఒకే అక్షరం మీద ఒకసారి కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌తో, ఒకసారి లైవ్ వ్యూతో, అంటే వెనక స్క్రీన్ మీద చూస్తూ, తీయండి. లైవ్ వ్యూలో స్పష్టంగా ఉండి, వ్యూఫైండర్‌తో ముందు వరసో వెనక వరసో పడితే, తేడా అద్దం కింద ఉన్న ఫోకస్ సెన్సార్‌కీ అసలు సెన్సార్‌కీ మధ్య. కొన్ని మోడళ్లలో మైక్రో అడ్జస్ట్‌మెంట్ ఉంటుంది, మీరే సరిచేసుకోవచ్చు. లేకపోతే సర్వీసుకే. మిర్రర్‌లెస్‌లో ఈ బాధ లేదు, ఫోకస్ చూసేది ఫోటో తీసే సెన్సారే.

ఇంతకీ కొనాలా వద్దా? పిల్లల్ని, తీర్థాల్ని, పక్షుల్ని తీసుకునేవాళ్లయితే తీసుకోండి, ఈ ధరలో ఇంత గట్టిగా పట్టే ఫోకస్ నేను చూడలేదు. పెళ్లిళ్లు తీసి బతికేవాళ్లకి నేను కొనమని చెప్పను. రంగులు బాగున్నా, బ్యాటరీ బాగున్నా, ఆ ఒక్క బటన్ లేకపోవడం నాకు సరిపడలేదు. షాపాయనకీ ఇదే చెప్తాను. ఎల్లుండి అంబాజీపేటలో పెళ్లి ఉంది, ముహూర్తం రాత్రి 2 గంటల 48 నిమిషాలకి. నా పాత కెమెరాకే బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టాను.