వార్తలో కర్త ఎక్కడ?

(ఒంగోలు గ్రంథాలయ వారోత్సవ సభలో ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఆహ్వానపత్రంలో ఉన్నాయి, మళ్లీ చదవను. పుస్తక పఠనం గురించి చెప్పమన్నారు. విలేకరిగా బతికినవాణ్ని, పేపరు చదవడం గురించే చెబుతాను.

పొగాకు సీజన్లో పేపర్లు ఏం రాస్తాయి? ‘ధర పతనం’. వాన పడ్డట్టు ధర దానంతటదే పడుతుందా అమ్మా? వేలంలో బేలు, అంటే పొగాకు కట్ట, ముందు నిలబడి రేటు తగ్గించేది కంపెనీల తరఫున వచ్చిన మనుషులు. వాళ్లు వాక్యంలో కనబడరు. అదే రైతు కడుపుమండి ఎదురు తిరిగితే, ‘వేలాన్ని అడ్డుకున్న రైతులు’ అని కర్త వెంటనే దొరుకుతాడు.

కొండపి వేలం కేంద్రంలో ఒకరోజు వరసగా బేళ్లు ‘నో బిడ్’ అయ్యాయి, అంటే ఎవరూ పాట పాడలేదు. ‘కంపెనీలు కొనలేదు, రైతులు రోడ్డెక్కారు’ అని రాసి పంపాను. తెల్లారి చూస్తే ‘రైతుల ఆందోళన, ట్రాఫిక్‌కు అంతరాయం’ అని వచ్చింది. వార్తలు దిద్దే డెస్కుకు ఫోన్ చేస్తే ‘స్థలం చాల్లేదండీ’ అన్నారు. మరి ట్రాఫిక్‌కు ఎలా చాలింది? ఆ వార్తలో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా తప్పు రైతు మీదికొచ్చింది. ‘ఏం సార్, మేం చెప్పింది ఇదేనా?’ అని ఒక పెద్దాయన నిలదీశాడు. ఆ మాట నన్నింకా వదల్లేదు. అధికారి మాట్లాడితే ‘వెల్లడించారు’, రైతు మాట్లాడితే ‘ఆరోపించారు’. గమనించారా మీరు?

పొగాకు దగ్గరే ఆగితే నా మాట సగమే. కారంచేడు మన జిల్లాలో ఉన్నప్పటి సంగతి. 1985 జూలై 17న ఊళ్లోని కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఇలా చెబితే కొందరికి ఇబ్బంది, తెలుసు. ‘ఆరుగురు మృతి’ అని రాస్తే ఎవరికీ ఇబ్బంది లేదు, జబ్బుచేసి పోయినా అదే మాట కదా! ‘చంపారు’ అన్నప్పుడే ‘ఎవరు’ అని అడుగుతాం. దళితుల మీద దాడి జరిగితే ‘ఇరువర్గాల ఘర్షణ’ అని రాసే అలవాటు ఇవాళ్టికీ పోలేదు. కొట్టినవాణ్నీ దెబ్బలు తిన్నవాణ్నీ ఒకే వరసలో నిలబెట్టడం అది. కారంచేడు బాధితులు చీరాల చేరి, దళితుల సంఘంగా దళిత మహాసభ పుట్టాకగానీ వాళ్ల మాట వాళ్ల నోటితో బయటికి రాలేదు.

టైమైందని చీటీ ఇచ్చారు. ఒక్క మనవి. గ్రంథాలయాధికారి గారూ, పాత పేపర్ల కట్టలు తూకానికి వేయకండి. తన ఊరి గురించి ఆనాడు ఏం రాశారో ఎవరైనా వచ్చి చూసుకోవాలంటే అవే దిక్కు. బైండింగ్ ఖర్చుకు చందా నాతో మొదలుపెట్టండి.