ఆ రాత్రి అధ్యక్షుణ్ణి ఆపింది చట్టమా, జనమా? కొరియా మార్షల్ లాపై చర్చ

యాంకర్: నమస్కారం. 2024 డిసెంబర్ 3 రాత్రి పదిన్నర ప్రాంతంలో దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ టీవీలో కనిపించి, దేశంలో మార్షల్ లా, అంటే సైనిక పాలన, పెడుతున్నానని ప్రకటించారు. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా ఎత్తేస్తానని ఆయనే చెప్పాల్సి వచ్చింది. నాలుగు నెలలు తిరిగేసరికి పదవే పోయింది. ఆయన్ని ఆపింది ఎవరు? ఈ రోజు చర్చ దాని మీదే. మనతో ఒక హైకోర్టు న్యాయవాది, ఆధునిక చరిత్ర బోధించే ప్రొఫెసర్ గారు, తూర్పు ఆసియా వ్యవహారాలు రాసే జర్నలిస్టు ఉన్నారు. లాయర్ గారూ, అసలు ఆయనకు ఆ అధికారం ఉందా?

న్యాయవాది: ఉందండీ. కొరియా రాజ్యాంగం 77వ అధికరణం ఇస్తుంది. కానీ యుద్ధమో, దానికి సాటి వచ్చే ప్రమాదమో ఉండాలి. ఆ రాత్రి అలాంటిదేమీ లేదు. ప్రతిపక్షం బడ్జెట్‌లో కోతలు పెడుతోంది, అధికారుల మీద వరసపెట్టి అభిశంసన తీర్మానాలు తెస్తోంది అన్నది ఆయన కోపం. అది రాజకీయ తగాదా. పైగా మార్షల్ లా ఉన్నా వారెంట్లు, పత్రికా, సభా స్వేచ్ఛలు, ప్రభుత్వ, న్యాయస్థానాల అధికారాల మీదే ప్రత్యేక చర్యలు తీసుకోవచ్చని ఆ అధికరణం చెబుతుంది. ఆ చర్యల జాబితాలో పార్లమెంటు మాటే లేదు. ఆ రాత్రి సైన్యం ఇచ్చిన ఒకటో నంబర్ ఉత్తర్వు మాత్రం జాతీయ అసెంబ్లీ, అంటే వాళ్ల పార్లమెంటు, కార్యకలాపాలన్నీ బంద్ అంది. పార్టీలు బంద్, బహిరంగ సభలు బంద్, మీడియా సైన్యం అదుపులో. అదే అధికరణం ప్రకారం, ఎత్తేయమని అసెంబ్లీలో మొత్తం సభ్యుల్లో సగం మందికి మించి కోరితే అధ్యక్షుడు ఎత్తేయాల్సిందే. ‘ఆలోచిస్తా’ అనడానికి వీల్లేదు. అసెంబ్లీని మూయించాలని చూసింది అందుకే.

యాంకర్: 300 మందిలో 151 మంది కావాలి. అర్ధరాత్రి అంతమంది ఎలా వచ్చారు?

జర్నలిస్టు: చాలామంది గోడ దూకి వచ్చారు. గేట్ల దగ్గర పోలీసులు అడ్డుకున్నారు. స్పీకర్ వూ వోన్ షిక్‌కు అప్పటికి అరవై ఏడేళ్లు. ఆయన కూడా ప్రహరీ ఎక్కి లోపలికి దిగారు. అప్పటి ప్రతిపక్ష నాయకుడు లీ జే మ్యుంగ్ ఫోన్‌లో లైవ్ పెట్టి, అసెంబ్లీకి రమ్మని జనాన్ని పిలుస్తూ గోడ దూకారు. జనం వచ్చారు కూడా. ఇంతలో హెలికాప్టర్లలో ప్రత్యేక బలగాలు దిగాయి, కిటికీ అద్దాలు పగలగొట్టి భవనంలోకి చొరబడ్డాయి. ఎంపీల సహాయకులు సోఫాలు, బల్లలు తలుపులకు అడ్డం పెట్టి, మంటలార్పే సిలిండర్లతో పొడి చిమ్ముతూ వాళ్లను నిలవరించారు. హాల్లో ఉన్న సభ్యులు వెంటనే ఓటింగ్ పెట్టమని అరుస్తున్నారు. స్పీకర్ ఒప్పుకోలేదు. తీర్మానం పద్ధతి ప్రకారం సభ ముందుకు వచ్చేదాకా ఆగారు. రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదని! రాత్రి ఒంటి గంటకు ఓటింగ్. హాజరైన 190 మందీ అవునన్నారు. వాళ్లలో 18 మంది అధ్యక్షుడి సొంత పార్టీ వాళ్లే.

న్యాయవాది: చూశారా, చివరికి పనిచేసింది చట్టంలోని నిబంధనే కదా. జనం ఎంతమంది వచ్చినా, ఆ క్లాజు లేకపోతే ఆ ఓటుకు విలువేముంది?

ప్రొఫెసర్: సార్, ఇక్కడ నేను మీతో ఏకీభవించను. ఆ క్లాజు 1980లో కూడా ఉంది.

న్యాయవాది: పాత రాజ్యాంగంలోనా?

ప్రొఫెసర్: అవును. 1972 నాటి యూషిన్ రాజ్యాంగంలో. అధ్యక్షుడికి దాదాపు అన్నీ రాసిచ్చేసిన రాజ్యాంగం అది. అందులో కూడా సభలో మెజారిటీ కోరితే మార్షల్ లా ఎత్తేయాలనే ఉంది. 1980 మే 20న సభ సమావేశం కావాల్సి ఉంది, ఎత్తేయాలన్న తీర్మానం పెట్టాలనుకున్నారు. దానికి ముందే, మే 17 రాత్రి సైనిక జనరల్ చున్ డూ హ్వాన్ వర్గం మార్షల్ లాను దేశమంతటికీ పొడిగించింది. సైన్యం అసెంబ్లీ గేట్లు మూసేసింది. ఎంపీలు లోపలికి వెళ్లలేకపోయారు. గ్వాంగ్జు నగరంలో ఎదురుతిరిగిన జనం మీద ఆ పది రోజుల్లో సైన్యం ఎంత దారుణంగా కాల్పులు జరిపిందో ప్రపంచానికి తెలుసు. క్లాజు అదే, భవనం అదే, ప్రశ్న కూడా అదే. 1980లో గేటు తెరుచుకోలేదు, 2024లో సభ్యులు లోపలికి చేరుకోగలిగారు. తేడా అంతా ఆ గేటు దగ్గరే ఉంది.

యాంకర్: మరి 2024లో సైనికులు కాల్చలేదు కదా. అది జనం గొప్పా, సైనికుల విచక్షణా?

జర్నలిస్టు: రెండూ. రాజ్యాంగ న్యాయస్థానం 2025 ఏప్రిల్ 4న యూన్‌ను పదవి నుంచి తొలగించిన తీర్పు చదువుతూ ఈ మాట రాతపూర్వకంగా ఒప్పుకుంది. సభ అంత త్వరగా తీర్మానం చేయగలిగిందంటే పౌరుల ప్రతిఘటన వల్ల, సైనికులు, పోలీసులు ఆదేశాలను ఉత్సాహంగా అమలు చేయకపోవడం వల్ల అంది. ఎనిమిది మంది న్యాయమూర్తులదీ ఒకే మాట. ఒక న్యాయస్థానం తన తీర్పులో వీధిలోని జనానికి ఆ స్థానం ఇవ్వడం నాకు చాలా పెద్ద విషయంగా అనిపించింది.

న్యాయవాది: ఒప్పుకుంటాను. కానీ ఎనిమిది మందే ఎందుకున్నారో కూడా చెప్పాలి. తొమ్మిది మంది ఉండాల్సిన కోర్టులో మూడు ఖాళీలు. డిసెంబర్ 14న 204 ఓట్లతో అభిశంసన నెగ్గాక, తాత్కాలిక అధ్యక్షుడు హాన్ డక్ సూ ఆ ఖాళీలు నింపనన్నారు. తొలగించాలంటే కనీసం ఆరుగురు కావాలి, ఉన్నది ఆరుగురే! ఒక్కరు కాదంటే యూన్ మళ్లీ కుర్చీలో కూర్చునేవారు. హాన్‌ను కూడా అభిశంసించాక, ఆయన తర్వాత వచ్చిన చోయ్ సాంగ్ మోక్ ఇద్దరిని నియమించారు. ఒక సంతకం పెట్టకుండా ఊరుకుంటే చాలు, కోర్టు పనిచేయకుండా పోతుంది. సైన్యం కన్నా నాకు ఇదే ఎక్కువ టెన్షన్.

యాంకర్: ఇంకో ఇబ్బందికరమైన ప్రశ్న. 2025 జనవరి 19న యూన్ మద్దతుదారులు సియోల్‌లోని పశ్చిమ జిల్లా కోర్టు మీద పడి పగలగొట్టారు. వాళ్లు కూడా దేశాన్ని కాపాడుతున్నామనే అన్నారు.

ప్రొఫెసర్: అన్నారు, నమ్మారు కూడా. తేడా ఎక్కడుందంటే, డిసెంబర్‌లో వచ్చినవాళ్లు ఎన్నికైన సభ తన పని తాను చేసుకోవడానికి నిలబడ్డారు. కోర్టు మీద పడినవాళ్లు యూన్‌ను నిర్బంధించమని ఉత్తర్వు ఇచ్చినందుకు జడ్జి కోసం గదులు వెతికారు. అభిప్రాయం ఏదైనా ఉండొచ్చు, కానీ వ్యవస్థను పని చేయనిచ్చామా లేదా అన్నది చూడాలి.

జర్నలిస్టు: ఇంకోవైపు ఆ చలికాలమంతా జరిగినదాన్ని చూడండి. రాలేనివాళ్లు అసెంబ్లీ దగ్గర కాఫీ షాపుల్లో, కింబాప్ (అన్నం చుట్టలు) అమ్మే కొట్లలో ముందే డబ్బు కట్టేవాళ్లు, వచ్చినవాళ్లు పేరు చెప్పి తీసుకునేవాళ్లు. డిసెంబర్ 21న ట్రాక్టర్లతో వస్తున్న రైతులను నామ్‌తేర్యాంగ్ కనుమ దగ్గర పోలీసులు ఆపితే, పాప్ కచేరీల్లో ఊపే లైట్ స్టిక్‌లు పట్టుకుని ఎక్కువగా యువతులే వెళ్లి రాత్రంతా రైతుల పక్కన చలిలో నిలబడ్డారు. మర్నాడు ట్రాక్టర్లు సియోల్‌లోకి వచ్చాయి. అంతకు ముందు ఆ రెండు గుంపులకూ పెద్దగా పరిచయం లేదు.

యాంకర్: ఇప్పుడు మన సంగతి. ఎమర్జెన్సీ పెట్టిన 1975 జూన్ 25 రాత్రి...

న్యాయవాది: మన రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మీద సంతకం పెడతారు, కొరియా అధ్యక్షుడితో పోలిక లేదు. కానీ ఆ రాత్రి ఆ సలహా కూడా లేదు. ప్రధాని లేఖ మీద సంతకం అయిపోయింది, మంత్రిమండలికి మర్నాడు పొద్దున చెప్పారు. అందుకే 1978లో 44వ సవరణ తెచ్చారు. మంత్రిమండలి నిర్ణయం రాతపూర్వకంగా అందాలి. లోక్‌సభ సభ్యుల్లో పదో వంతు మంది నోటీసు ఇస్తే 14 రోజుల్లో ప్రత్యేక సమావేశం పెట్టాలి, సభ కాదంటే ఎత్తేయాలి. ప్రాణ, స్వేచ్ఛల హక్కును ఎమర్జెన్సీలో కూడా పక్కన పెట్టడానికి వీల్లేదు.

ప్రొఫెసర్: ఒక్క మాట. 1977 ఎన్నికల్లో ఉత్తరాది కాంగ్రెస్‌ను ఊడ్చేసింది. మన ఆంధ్రప్రదేశ్ 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. ఓడిన ఆ ఒక్క సీటు నంద్యాల, అక్కడ గెలిచింది నీలం సంజీవరెడ్డి. 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో నక్సలైట్ ఉద్యమకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీసిన రాష్ట్రం ఇది. ఎమర్జెన్సీ దెబ్బ ఉత్తరాదిలో తగిలినంతగా ఇక్కడ అందరికీ తగల్లేదు అనేది నిజమే. కానీ సెన్సార్ చేసిన పేపర్లలో ఏం చదివారు, దేనికి ఓటేశారు?

జర్నలిస్టు: సియోల్‌లో ఆ సమస్య రాలేదు. మీడియా సైన్యం అదుపులో అని ఉత్తర్వు రాసుకున్నారు గానీ, ఆ రాత్రి లైవ్‌లు ఆగలేదు, ఇంటర్నెట్ ఆగలేదు. ఆగి ఉంటే అసెంబ్లీకి ఎవరు వచ్చేవాళ్లు?

యాంకర్: లాయర్ గారూ, మన దగ్గర ఇంటర్నెట్ ఎవరు ఆపగలరు?

న్యాయవాది: కేంద్రంలో హోం కార్యదర్శి, రాష్ట్రంలో ఆ రాష్ట్ర హోం కార్యదర్శి ఉత్తర్వుతో ఆపొచ్చు. 2024 నాటి నిబంధనల ప్రకారం ఒక్కో ఉత్తర్వు గరిష్ఠంగా 15 రోజులు. కారణాలు రాయాలి, ప్రచురించాలి. అయిదు రోజుల్లో సమీక్ష కమిటీ చూడాలి. ఆ కమిటీలో ఉండేది కూడా ప్రభుత్వ కార్యదర్శులే.