కార్డు నిండింది సరే, బీపీ ఎంతున్నది?

"కడుపుతోని ఉన్న మా కోడలికి చెకప్‌లు నాలుగూ అయినయి, కార్డు నిండింది, ఇంకేం భయం?" మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాల మా సిరొంచ దిక్కు ఏ ఇంటికి పోయినా ఇదే మాట. వింటే నాకు తిక్క లేస్తది. ఆ కార్డు తెరిచి బీపీ ఎంత, రక్తం ఎంత అని అడిగితే ఇంట్ల ఒక్కరికి తెల్వదు.

అసలు ఈ చెకప్ దేనికి? కాన్పు ఎక్కడ కావాలె, అంతలోపల ఏం సరిచేసుకోవాలె అని ముందే తేల్చుకునేటందుకు.

ప్రాణహితల పడవ నడిపేటాయన ఏం చేస్తడు? ఒడ్డు మీదనే పడవను బోర్లేసి చిల్లి ఉన్నదా అని చూస్తడు. చిన్నదైతే పూడుస్తడు, పెద్దదైతే ఆ పడవను కట్టేసి వేరేదాంట్ల పోతడు. ఎన్నిసార్లు బోర్లేసినవని ఎవరన్న అడుగుతరా? ఏం కనబడ్డది, ఏం చేసినవ్ అనే అడుగుతరు.

మన దగ్గర పెద్ద చిల్లి రక్తం తక్కువుండుడు. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 ఉండాలె. 7 కంటే దిగితే ప్రమాదం. కాన్పుల ఎవరికైనా కొంత రక్తం పోతది. 11 ఉన్నామె తట్టుకుంటది, 6 ఉన్నామె తట్టుకోదు. కాన్పైనంక రక్తం ఆగకుండ పోతే రెండు గంటల్లనే ప్రాణం మీదికి రావచ్చు. మరి సిరొంచ నుంచి అహేరి దాదాపు 100 కిలోమీటర్లు, గడ్చిరోలి 200 పైమాటే. ఆ రోడ్డు సంగతి మీకు నేను చెప్పాల్నా? వానకాలం పర్లకోట పొంగితే భామ్రాగడ్ దిక్కు అసలు దారే ఉండదు.

అందుకే చిల్లి మొదటి మూడు నెలలల్లనే కనబడాలె. ఐరన్ గోలీ ఇయ్యాల మింగితే రేపటికి రక్తం పట్టదు, 180 రోజులు మింగాలె. చాయ్‌తోని మింగితే ఒంటికి సరిగ పట్టదు. దొడ్డికి నల్లగ వస్తున్నదని పారేస్తరు, అది ఐరన్ రంగే తల్లీ! 7 కంటే తక్కువుంటే మాత్రం గోలీలతోని ఆగొద్దు, దవాఖానల చూపెట్టాలె. సూదిమందో రక్తమో ఎక్కిస్తరు.

రెండో చిల్లి బీపీ. మొదట్ల నొప్పి ఉండదు, మోసమంతా అక్కడనే. 140/90కి చేరితే మూత్రం పరీక్ష కూడ చేయించాలె. బీపీ ముదిరితే తల పగిలిపోయే నొప్పి, కండ్లు మసకలు, మొకం ఉబ్బుడు, ఆ తర్వాత ఫిట్స్. పాతోళ్లు గుర్రపువాతం అంటరు. దానికి మెగ్నీషియం సల్ఫేట్ సూది ఉన్నది, ఇంట్ల మాత్రం ఉండదు.

మధ్యల ఒక మాట. 2018-20 లెక్కల మహారాష్ట్రల బతికి పుట్టిన లక్ష మంది బిడ్డలకు తల్లుల మరణాలు 33, ఒడిశాల 119. ఈ 33 చూసి మురిసేటోళ్లను చూస్తే నాకు నవ్వొస్తది. ముంబైని, పుణెను, మనల్ని ఒక్క కుండల కలిపి తీసిన సగటు అది.

అయ్యో, టైం అయిపోతున్నది, జల్ది చెప్త. ప్రతి నెల 9 తారీఖున సర్కారు దవాఖానల డాక్టరే ఉచితంగ చూస్తరు, 2016 నుంచి నడుస్తున్నది. సికిల్ సెల్ అనే, పుట్టుకతోని వచ్చే రక్తం జబ్బు పరీక్ష మన దిక్కు తప్పకుండ అడగాలె. దూరపు ఊర్లోళ్లు నొప్పులు రాకముందే దవాఖాన దగ్గర గర్భిణులు ఉండే మాహేర్ ఘర్‌కు వచ్చి ఉండొచ్చు, ఆశా తాయిని అడగండ్రి. బండి కోసం 102, లేకుంటే 108. కాన్పైనంక 42 రోజుల్లోపు పోయిన తల్లులు కూడ ఆ మరణాల లెక్కల్నే ఉంటరు, బాలింతకు రక్తం ఎక్కువ పోయినా జ్వరం వచ్చినా ఆగొద్దు.

మిర్చి ఏరేటందుకు గోదావరి దాటేటోళ్లు, కాన్పుకు తల్లిగారింటికి తెలంగాణకు పోయేటోళ్లు కార్డు మూటల పెట్టుకోండ్రి. అక్కడి సిస్టర్‌కు మొదటి నెలల బీపీ తెలిస్తేనే ఇప్పుడు ఎంత పెరిగిందో ఆమెకు అర్థమైతది.